అక్క పూస

నా మీద మోపిన నేరాన్ని ముందుగా నేనే చదువుతాను. సభాధ్యక్షులు కోదండం గారు చదివితే వారి గొంతులోని వేదన కలిసి అది ఉన్నదానికంటే పెద్దదవుతుంది. నేను చదివితే ఎంత ఉందో అంతే ఉంటుంది.

“పెమ్మాడి ఉత్పల, వయస్సు ఇరవై, నలభయ్యో పంటు మోకు కాపరి, ఈ ఏటి కళాశాల వాదపోటీ విజేత. పంట్లలంక పిల్లల రక్షపూసలను పగలగొట్టించింది. తల్లులను దొంగల వరుసలో నిలబెట్టింది. నలభై రోజుల కిందట ఇదే వేదిక మీద చెప్పిన మాటను తానే మార్చింది.”

మొదటి ఆరోపణ నిజం. మూడోది అంతకంటే నిజం. రెండోది అబద్ధం. దాని సంగతి తేల్చకుండా నేను ఈ వేదిక దిగను.

నా సాక్ష్యం ఈ మోకు చిట్టా. గాలి ఎటు, పోటు ఎప్పుడు, ఇళ్ళను మోస్తూ తేలే పంటును లంగరుకు పట్టి ఉంచే నాలుగు మోకుల బిగువెంత, ఇవి రాయడానికి పెట్టిన పుస్తకంలో నేను ఇంటి గొడవలు రాశానని కొందరు గొణుగుతున్నారు. చదువుతాను. మోకులకు సంబంధం ఉందో లేదో వినేవారే నిర్ణయించండి.

1వ రోజు

గాలి తూర్పు, నెమ్మది. పోటు తెల్లవారకముందే వచ్చి తగ్గింది. నాలుగు మోకులూ బిగువు. సౌరఫలకాల మీద రాత్రి పేరుకున్న ఉప్పు తుడిచాను. ఉప్పునీటి యంత్రం పదహారు బిందెలు మంచినీళ్ళిచ్చింది.

నిన్న పోటీ గెలిచాను. “టీకా ప్రతి కుటుంబం ఇష్టానికి వదిలేయాలి” అన్నది విషయం, నాది అనుకూల పక్షం. నా వాదమంతా ఒక అంకె మీద నిలబడింది. టీకా వేసిన రోజున పిల్ల మణికట్టుకు నీలం పూస కడతారు. బడిలో చేరేనాడు గేటు దగ్గర ఆ పూస మోగితే లెక్కలో పేరు పడుతుంది. ఆ లెక్క ప్రకారం నూటికి తొంభై ఏడుగురు. తట్టును ఆపడానికి తొంభై అయిదు చాలునని వైద్యగ్రంథాలే చెబుతున్నాయి. “నూరు మోకుల్లో మూడు వదులైతే పంటు కొట్టుకుపోదు. ఆ మూడు ఇళ్ళను సూది పట్టుకుని తరమడం సంస్కారం కాదు” అన్నాను. చప్పట్లతో పంటు ఊగింది. ప్రతిపక్షాన నిలబడిన రఘోత్తం నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. సాయంత్రం సభ సమావేశమై, నర్సు దీవెనమ్మ గారు ఇల్లిల్లూ తిరగడం ఆపాలని తీర్మానించింది.

పొద్దున నీళ్ళ వరుసలో ఆవిడే నా వెనక నిలబడ్డారు. అరవై దాటిన మనిషి. భుజాన ఖాళీ టీకా పెట్టె.

“చెప్పావు లేమ్మా, బాగా చెప్పావు. తప్పు లెక్కని ఇంత ముద్దుగా చెప్పిన పిల్లని నా సర్వీసులో చూళ్ళేదు.”

“తప్పెలా అవుతుందండీ? గేటు చెప్పిన లెక్కే కదా.”

“గేటు పూసని చూసుద్ది అమ్మాయ్. నేను చేతిని చూస్తాను. ఆ బిందె జరుపు, పొంగిపోతంది.”

ఓడినవాళ్ళ తరఫున అసూయగా మాట్లాడారనుకున్నాను. సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి పాపను ఎత్తుకున్నాను. మా కుముదక్క కూతురుకు ఐదో నెల నడుస్తోంది. ఇంకా పేరు పెట్టలేదు. మా లంకలో తొమ్మిదో నెలలో టీకా వేసి, పూస కట్టి, ఆ రోజే పేరు పెడతారు. అంతదాకా అది అందరికీ “పాప”. నా బుగ్గ కొరకడం దాని ప్రస్తుత వృత్తి.

6వ రోజు

గాలి తూర్పు. మోకులు మూడు బిగువు. వాయవ్యం మూల మోకు కంటికి బిగువుగానే ఉంది, తొక్కితే జానెడు దిగింది. మళ్ళీ కట్టాను. కాపలాకు కొత్తగా వచ్చినవాళ్ళకు నేర్పే మొదటి పాఠం ఇదే: మోకును కంటితో చూడకు, మడమతో తొక్కి చూడు.

మధ్యాహ్నం పక్కింటి బంగారమ్మ కేకేసింది. కూతురు ఆమనికి ఆరేళ్ళు. మూడు రోజులుగా జ్వరం, కళ్ళు ఎర్రగా, ముక్కు ధారగా ఉన్నాయి.

“వేడి చేసింది అంతేనండి. మజ్జిగ పోత్తే తగ్గిపోద్ది,” అంది బంగారమ్మ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

దీవెనమ్మ గారు వచ్చారు. నన్ను టార్చి పట్టుకోమని పిల్ల నోరు తెరిపించారు. దవడ లోపలివైపు, దంతాల పక్కన, ఎర్రటి చర్మం మీద తెల్లటి చుక్కలు. అచ్చం ఉప్పు రవ్వలు.

“తట్టు,” అన్నారు ఆవిడ. “నేను ట్రైనింగులో ఉన్నప్పుడు చూశాను. మళ్ళీ చూస్తాననుకోలేదు.”

“తట్టేంటండీ! పూస ఉందిగా!” బంగారమ్మ కూతురి మణికట్టు పైకెత్తి చూపించింది. నీలం పూస మెరిసింది.

దీవెనమ్మ గారు విటమిన్ చుక్కలు పిల్ల నోట్లో పిండి, గదిలోకి ఎవరినీ రానివ్వవద్దని చెప్పారు. నేను చేతులు కడుక్కుని, మామూలుగానే సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి పాపను ఎత్తుకున్నాను. నాకూ పూస ఉంది కదా.

9వ రోజు

గాలి ఈశాన్యం, విసురుగా. మోకులు బిగువు. ఇంకో అయిదుగురు పిల్లలు. అయిదుగురికీ పూసలున్నాయి.

నీళ్ళ వరుస అంతా ఒకటే మాట. “టీకా వేయించుకున్నోళ్ళకే వచ్చిందంట. మందు పాడైపోయిందంట.” కోదండం గారు నా దగ్గరికి వచ్చి భుజం తట్టారు. “నువ్వు ముందే చెప్పావమ్మా, ఆ సూది అనవసరమని. చూడు, ఎంత నిజమైందో.”

నేను చెప్పింది అది కాదు. సరిదిద్దడానికి నోరు తెరిచాను, కాని పొగడ్త వినడానికి మంచి సంగీతం లాంటిది. మూసుకున్నాను. ఇది కూడా రాస్తున్నాను, ఎందుకంటే చిట్టాలో అబద్ధం రాయకూడదు.

రఘోత్తం సాయంత్రం మోకు గది దగ్గరికి వచ్చాడు. “ఏంటి విజేతగారూ, ఊరంతా నీ వాక్యాలే వల్లిస్తున్నారు. రాయల్టీ వస్తందా?”

“ఓడిపోయినవాడికి వెటకారం ఎక్కువ ఉంటుందని విన్నాను.”

“ఓడిపోయాను, ఒప్పుకున్నాను. ఒక్కటడుగుతాను. మోకుని తొక్కందే చిట్టాలో రాయవు కదా? మరి తొంభై ఏడుని తొక్కి చూశావా?”

చిట్టా మూసి లేచాను. ఇద్దరం కలిసి దీవెనమ్మ గారి గదికి వెళ్ళాం. ఆవిడ గోడ మీది సంచీలోంచి ఒక పాత నోటుబుక్కు తీశారు. ఏటా టీకా పడవ దింపిన మందు సీసాలు ఎన్ని, ఖాళీ అయినవి ఎన్ని, వాడకుండా వెనక్కి పంపినవి ఎన్ని. పదిహేనేళ్ళుగా దాదాపు సగం సీసాలు మూత తీయకుండానే తిరిగి వెళ్ళాయి.

“మూడుసార్లు సభకి రాశాను. అవతలి ఒడ్డున ఎక్కడో వేయించుకుంటున్నారు లెండి, గేటు మోగుతుందిగా అన్నారు.”

“మరి పూసలెక్కడి నుంచి వచ్చాయండీ?”

“నన్నడుగుతావేంటి? పూసనే అడుగు. కడుపులో తేదీ ఉంటది.”

రక్షపూస లోపల సన్నని రేకు ఉంటుంది, దాని మీద టీకా వేసిన తేదీ అచ్చు వేసి ఉంటుంది. అది అందరికీ తెలుసు. పగలగొడితే తప్ప కనబడదు. పగలగొడితే బిడ్డకు అరిష్టం. ఇదీ అందరికీ తెలుసు.

10వ రోజు

గాలి, పోటు, మోకులు: రఘోత్తం చూశాడు, బిగువు. నేను ఇంట్లో ఉన్నాను.

నా పూస అమ్మ పెట్టెలో, పసుపు గుడ్డలో చుట్టి ఉంది. పాప పేరు పెట్టే రోజున దానికి కట్టాలని దాచింది. అమ్మ ముందే అడకత్తెర తీసి, పూసను దాని అంచుల మధ్య పెట్టి నొక్కాను. వక్క చిట్లినట్టు చిట్లింది.

రేకు మీది తేదీ నేను పుట్టడానికి మూడేళ్ళ మూడు నెలల ముందుది. మా అక్కకు తొమ్మిదో నెల నిండిన వారం.

అమ్మ నేల మీద కూలబడింది. నేను వాదిస్తానని భయపడిందేమో, నేను అడగకముందే మొదలుపెట్టింది.

“నువ్వు పుట్టిన ఏడు పెద్ద ఉప్పెన. రెండేళ్ళు టీకా పడవే రాలేదు. అయిదేళ్ళు నిండాక బళ్ళో వేద్దామని తీసికెళితే గేటు తెరుచుకోలేదే. పూస లేని పిల్లకి బడి లేదు. మూడు రోజులు గేటు కమ్మీ పట్టుకుని ఏడ్చావు. నీకు గుర్తుండదు. అక్క పూస విప్పి నీకు కట్టాను. మోగింది. నువ్వు పరిగెత్తుకుంటా లోపలికి పోయావు.”

“నాకు అయిదేళ్ళు వచ్చేసరికి పడవ మళ్ళీ వస్తోంది కదమ్మా. అప్పుడైనా...”

“వచ్చింది. చేతికి పూస ఉంది కదా, మళ్ళీ సూదెందుకనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం. అక్క పూస చెల్లికి కడితే ఇద్దరికీ రక్ష అని మీ నాయనమ్మ కూడా అంది.”

ఇదే, సభాసదులారా. దొంగతనం కాదు, కుట్ర కాదు. ఉప్పెన ఏట పిల్లను బడిలోకి పంపడానికి ఒక తల్లి చేసిన ఉపాయం. ఉపాయం ఆచారమైంది, ఆచారం లెక్కైంది, ఆ లెక్క నా చేతిలో వాదమైంది. అక్క పూస చెల్లికి, చెల్లి పూస మేనకోడలికి. ఇలా ఊళ్ళో ఒకే పూస మూడుసార్లు గేటు దగ్గర మోగింది. గేటు మూడుసార్లు లెక్కపెట్టింది. మొదటి చేతికి తప్ప మిగిలిన రెండు చేతులకూ సూది తగలలేదు.

అప్పుడు అక్క వచ్చింది, పాపను చంకన వేసుకుని. నేల మీది నీలం ముక్కలు చూసింది.

“నా పిల్లకి కట్టాల్సిన పూస పగలగొట్టావా?”

“అక్కా, దూరంగా ఉండు. నాకు టీకా లేదు. నాలుగు రోజుల కిందట ఆమని గదిలో ఉన్నాను...”

“నీ వాదాలు కాలేజీలో పెట్టుకోవే! కప్పులు గెలవడానికి ఇంకేం దొరకలేదా నీకు?”

పాప నన్ను చూసి చేతులు చాచింది. రోజూ అదే వేళకు ఎత్తుకునేదాన్ని. నేను ముక్కలూ అడకత్తెరా ఏరుకుని వెనక దారిన బయటికి నడిచాను.

దీవెనమ్మ గారు లెక్క చెప్పారు. సోకిన మూడు రోజుల లోపు టీకా వేసుకుంటే పనిచేసే అవకాశం ఉంది, నాలుగు రోజులైంది. సోకిన నాటి నుంచి ఎనిమిదో రోజు మొదలు నా ఊపిరి ఇంకొకరికి అంటించగలదు, ఒంటి మీద ఏమీ కనబడకపోయినా. పంటు చివర విడిగా ఉన్న మోకు గదిలోకి మకాం మార్చాను. తలుపు మీద బొగ్గుతో “రావద్దు” అని రాశాను.

14వ రోజు

గాలి తూర్పు. నాలుగు మోకులూ బిగువు. ఉప్పు తుడిచాను. నాకు జ్వరం లేదు.

రఘోత్తం, దీవెనమ్మ గారు ఇరవై ఇళ్ళు తిరిగారు. రెండు పూసలు దొరికాయి. మిగిలిన తలుపులన్నీ మూసుకున్నాయి. “దాని నోట్లోంచి వచ్చినవన్నీ పిల్లలకి తగులుతున్నాయి. పెమ్మాడివారి పిల్ల కాదది, పీడ,” అందట ఒకావిడ.

అక్క అన్నం బుట్ట తాడుకు కట్టి నా వైపు జారవిడుస్తుంది. ఇవాళ చేపల పులుసులో ఉప్పు లేదు. నాలుగు దిక్కులా ఉప్పే ఉన్న ఊళ్ళో మా అక్క నాకు ఉప్పు వేయలేదు. కోపాన్ని అంత కచ్చితంగా వ్యక్తం చేసిన వక్తను నేను చూడలేదు.

17వ రోజు

మోకులు: తొక్కాను. బిగువు. జ్వరం. టార్చి నోట్లో పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. ఉప్పు రవ్వలు.

18వ రోజు

మోకులు: రఘోత్తం. నేను లేవలేదు.

20వ రోజు

చెవుల వెనక తట్టు మొదలై మెడ దిగింది. వెలుతురు కంట్లో గుచ్చుకుంటోంది. రాయలేను.

23వ రోజు

గాలి తెలియదు. తట్టు పాదాల దాకా దిగింది, జ్వరం కాస్త విడిచింది.

గోడ అవతల అక్క గొంతు. తొమ్మిది అడుగుల నీళ్ళకు అవతలి పంటు అంచున కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచో.

“ఏమే, బతికున్నావా?”

“వాదించేంత ఓపిక లేదు గానీ ఉన్నాను.”

“అబ్బో, అయితే ఊరికి శుభమే. పాప బాగానే ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. రోజుకి నాలుగుసార్లు చూస్తున్నాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టానే. నువ్వు ఆ పూస పగలగొట్టకపోతే రోజూ సాయంత్రం వచ్చి ఎత్తుకునేదానివి. నీ చిట్టా లెక్కన పదమూడో రోజు, పద్నాలుగో రోజు, పదిహేనో రోజు. ముద్దులు పెట్టేదానివి. దానికి టీకా వేసే వయసు కూడా రాలేదు.”

గెలిచిన వాదానికి ముగింపు వాక్యం అక్కరలేదు.

“ఆ ముక్కలెక్కడున్నాయి? అడకత్తెర కూడా ఇటు పడెయ్,” అంది అక్క.

31వ రోజు

గాలి ఈశాన్యం. మోకులు నేనే తొక్కాను, బిగువు. ఒంటి మీద తట్టు గోధుమరంగుకు తిరిగి పొట్టు లేస్తోంది. దీవెనమ్మ గారు బయటికి రావచ్చన్నారు.

నేను పడుకుని ఉండగా మా అక్క చేసిన పని రాస్తున్నాను. పగిలిన నా పూస గుడ్డలో మూటగట్టి, అడకత్తెర పట్టుకుని ఇల్లిల్లూ ఎక్కింది. నా మాదిరి వైద్యగ్రంథాలు వల్లించలేదు. మూట విప్పి, “ఇది నా చేతి పూస. మా చెల్లికి కట్టారు. మా చెల్లికి తట్టు వచ్చింది. మీ పిల్ల చేతిది ఎవరిది?” అని అడిగింది. అంతే. తల్లులు తలుపులు తీశారు. అడకత్తెర అక్క తెచ్చినదే, నొక్కింది మాత్రం ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటి తల్లే. ఒక ముసలావిడ ఆకూవక్కా నములుతూ, “ఆ అరిష్టమేదో ఇంట్లోకి వచ్చేసిందిగా. ఇంక పూసకేం భయం, నొక్కమ్మా,” అని కోడలికి ధైర్యం చెప్పిందట.

తెరిచి చూసిన పూసలు మొత్తం ఆరు వందల పన్నెండు. కట్టుకున్న పిల్ల కంటే వయసులో పెద్దవైన పూసలు రెండు వందల తొంభై ఎనిమిది. నూటికి తొంభై ఏడు కాదు. యాభై ఒకటి.

నేను గదిలో ఉండగా ఆసుపత్రి పడవ ఎక్కించిన బంగారమ్మ కూతురు ఆమని తిరిగి వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము తగ్గింది. ఎడమ చెవి వినబడటం లేదు. కుడివైపు నిలబడి పిలిస్తే నవ్వుతుంది.

39వ రోజు

గాలి తూర్పు, నెమ్మది. నాలుగు మోకులూ బిగువు. టీకా పడవ లంగరు వేసింది. పద్నాలుగు వందల మందికి సరిపడా మందు. ఐసు రేపు సాయంత్రం దాకా నిలుస్తుంది. అది దాటితే పడవ ముందుకు పోవాలి.

రేపు సభలో కోదండం గారు తీర్మానం పెడుతున్నారు: పూసలు పగలగొట్టడం నిషేధించాలి, పాడైన మందు తెచ్చిన పడవను వెనక్కి పంపాలి. ముందుగా నా మీద నేరం విచారించాలి.

అమ్మ రాత్రి వంటింట్లో చింతపండు పిసుకుతూ, తలెత్తకుండా అంది: “సభలో ఎవరి పేర్లూ చదవకు. నా పేరొక్కటీ చదువు. ముందు చదువు. మిగతావాళ్ళకి సిగ్గు కొంచెం తగ్గుద్ది.”

చిట్టా ఇక్కడికి అయిపోయింది. ఇవాళ నలభయ్యో రోజు. ఇక జవాబు చెబుతాను.

తల్లులను దొంగల వరుసలో నిలబెట్టానన్నారు. మొదట మా అమ్మను నిలబెడుతున్నాను. పెమ్మాడి వరలక్ష్మమ్మ, మూడో బల్ల మీద, ఆకుపచ్చ చీర. చూడండి. తలవంచుకుందా? లేదు. రెండు వందల తొంభై ఎనిమిది పూసల పేర్లు నా దగ్గర ఉన్నాయి. ఈ వేదిక మీద కూర్చున్నవారి ఇళ్ళ పేర్లూ ఉన్నాయి. ఒక్కటీ చదవను. బడి గేటు చేతిని చూడకుండా పూసను చూసినప్పుడు, ఏ తల్లయినా బిడ్డ చేతికి పూసనే కడుతుంది. తప్పు తాడు కట్టిన చేతులది కాదు, తొక్కి చూడని కాపలాది. ఆ కాపలాలో ఈ సభ ఉంది. నేనూ ఉన్నాను.

మందు పాడైందన్నారు. లెక్క వినండి. ఈ నలభై రోజుల్లో, పూస తెరిచి చూసిన ఆరు వందల పన్నెండు మంది పిల్లల్లో అరవై అయిదుగురికి తట్టు వచ్చింది. సొంత పూస ఉన్నవాళ్ళు మూడు వందల పద్నాలుగు మంది, వాళ్ళలో నలుగురికి వచ్చింది. అక్క పూస కట్టుకున్నవాళ్ళు రెండు వందల తొంభై ఎనిమిది మంది, వాళ్ళలో అరవై ఒక్కరికి. ఆ నలుగురినీ నేను దాచను. ఏ మోకూ నూటికి నూరుపాళ్ళు గట్టిది కాదు. అందుకే పంటుకు నాలుగు మోకులు కడతాం. ఆ నలుగురు పిల్లలూ తేలికగానే కోలుకున్నారు. ఆసుపత్రి పడవ ఎక్కినవారిలో వాళ్ళెవరూ లేరు. పాడైంది మందు కాదు, కోదండం గారూ. మన తొంభై ఏడు.

ఇక మాట మార్చానన్నారు. మార్చాను. ఈ వేదిక మీద నుంచి నేను చెప్పిన వాక్యం, నూరు మోకుల్లో మూడు వదులైతే పంటు కొట్టుకుపోదన్నది, ఇప్పటికీ అందమైన వాక్యమే. దాన్ని చెప్పినదాని చేతికి కూడా మోకు లేదు. వదులైన మూడింటిలో ఒకటి కాదు, వదులైన సగంలో ఒకటిగా నేను ఇక్కడ నిలబడి మీకు అభయమిచ్చాను. వాదంలో గెలిచినవాడికి ఒక బాధ్యత మిగులుతుంది. తన మాట విన్నవాళ్ళ దగ్గరికి తానే తిరిగి వెళ్ళాలి. అందుకే వచ్చాను. రఘోత్తం, ఆ కప్పు నీది. మోకు గదిలో మేకుకు తగిలించి ఉంది, తీసుకుపో.

శిక్ష వేయదలిస్తే వేయండి. ఉప్పు తుడుపు ఏడాదిపాటు నా వంతే అనండి, చేస్తాను. కాని అంతకంటే ముందు ఒక పని ఉంది. ఐసు సాయంత్రం దాకానే నిలుస్తుంది.

గుమ్మం వైపు చూడండి. దీవెనమ్మ గారు బల్ల వేసుకుని కూర్చున్నారు. పెట్టె మూత తీసి ఉంది. పక్కన నిలబడింది మా కుముదక్క. మా పాపకు నిన్నటితో ఆరు నెలలు నిండాయి. ఊళ్ళో తట్టు ఉన్నప్పుడు ఆరో నెలలోనే మొదటి టీకా వేయవచ్చు, తొమ్మిదో నెలలో మళ్ళీ వేయాలి. ఇవాళ వేస్తున్నాం. దాని చేతికి కట్టేది కొత్త పూస. తేదీ లోపల కాదు, బయట చెక్కించాం, చదవడం వచ్చిన ప్రతివాడూ చదవగలిగేలా. పేరు కూడా ఇవాళే పెడతాం. ముప్పై రోజులుగా నేను దాన్ని ఎత్తుకోలేదు. రోగుల ఇళ్ళకు తిరుగుతున్నాను, టీకా పడేదాకా ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ వరుసలో మొదటి బిడ్డ అది.

రెండో బిడ్డ ఎవరన్నది ఈ సభ చెప్పాలి.

కోదండం గారు మరి కాసేపట్లో తీర్మానం చదివి, అనుకూలమైనవారు చేతులెత్తండి అంటారు. ఎత్తకండి. అనుకూలంగానూ వద్దు, వ్యతిరేకంగానూ వద్దు. ఉప్పెన ఏడు మొదలు పుట్టిన ప్రతి ఒక్కరూ, బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న ప్రతి తల్లీ తండ్రీ, లేచి ఆ గుమ్మం దగ్గరికి నడవండి. ఎత్తబోయిన ఆ చేయి చొక్కా మడిచి బల్ల మీద చాచండి. కోదండం గారూ, మీ మనవరాలు మీ ఒళ్ళోనే కూర్చుని ఆ నీలం పూసతో ఆడుకుంటోంది. అది ఎవరి పూసో నేను అడగను. పిల్లను ఎత్తుకుని, మా అక్క వెనక మీరు వచ్చి నిలబడండి.